పూజ లేని గుడి

ఎడారి నడుమ సరస్సు, అందులో పడవ, ఒడ్డున మూడు వేల ఏళ్ల నాటి గుళ్లు. ఇతిహాసానికి కావలసిన సరుకంతా ఉంది. నేను చెప్పేది మాత్రం ఒక పెద్దాయన గడప దగ్గర ఆగిపోయిన సంగతి.

ఈజిప్టులో మా పడవలో తిరుపతి ఆయన ఒకరున్నారు. ముప్పై ఏళ్లు గుళ్లో అర్చకత్వం చేశారట. మొదటి గుడి దగ్గర అందరూ లోపలికి పోతే, ఆయన ఎండలోనే నిలబడ్డారు.

“పోలేదా సామీ?” అన్నాను.

“ఇంటామె పొయ్యి ఆరు నెలలప్పా. ఏడాది దాకా గుడి గడప తొక్కగూడదు గదా. పూజ లేని గుడికి గూడా మైల ఉంటాదా?”

చిత్తూరులో బీకాం చదివిన నన్ను అడిగారు ఈ మాట.

“ఈడ దేవుళ్లే ఇల్లు ఖాళీ చేసి పొయినారు సామీ. ఇంక మైల ఎవరికి?”

ఆయన కాలే ఇసుకలో చెప్పులు విప్పి లోపలికి వెళ్లి, కాసేపటికి వచ్చారు.

“ఏం మొక్కుకున్నారు?”

“ఏమీ లేదప్పా. అర్చనలో ఊరోళ్ల పేర్లన్నీ సదివినా గానీ, ఆమెను ఎప్పుడూ ‘ఏమే’ అనే పిలిచినా. ఇప్పుడు లోపల పేరు పెట్టి పిలిచినా.”

పలికిందా అని అడగబోయి ఊరుకున్నాను.

పడవ మూడున్నరకు బయలుదేరాలి. డీజిల్ పట్టేసరికి నాలుగయింది.