రెండు పూటల డ్యూటీకి ఒప్పుకోని ప్రోగ్రాం

ఆ ప్రోగ్రాం మార్పుల చరిత్రలో నేను పంపిన కోడ్ పక్కన ‘స్కూలు బస్సుల కోసం’ అని ఉంది. అది పూర్తి నిజం కాదు. అసలు సంగతి చెప్పడానికి నేను తప్ప ఎవరూ లేరు కనుక రాస్తున్నాను.

గల్ఫ్‌లో, బుదైయా అనే ఊళ్లో తోటలు చూసే కంపెనీలో నేను డ్యూటీ షీట్లు తయారుచేస్తాను. మా ఊరి శాఖా గ్రంథాలయం పుస్తకాలతోనే ప్రోగ్రామింగ్ నేర్చుకున్నానని నాకు కొంత గర్వం. షీట్లకు వాడేది ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం. దాని కోడ్‌ని ఎవరైనా మార్చి పంపవచ్చు. నిర్వాహకుడు ఒప్పుకుంటే అది అందరికీ చేరుతుంది.

నడివేసవిలో ఇక్కడ మధ్యాహ్నం బయట పని చేయించకూడదని చట్టం. తోటవాళ్లు పొద్దున వచ్చి, ఎండవేళ తాముండే క్యాంపుకి పోయి, సాయంత్రం మళ్లీ వస్తారు. ప్రోగ్రాం ఆ రెండో రాకను పొరపాటనుకుని కొట్టేసేది. సాయంత్రం మొక్కలకు నీళ్లు పెట్టిన మనిషి షీట్‌లో లేనట్టే. అది సరిచేస్తూ కోడ్ పంపాను.

నిర్వాహకుడిది ఏ దేశమో తెలియదు. "రోజుకి రెండుసార్లు డ్యూటీకి ఎవరొస్తారు? ఇది మీ ఒక్కరి అవసరం" అని రాశాడు. చదివిన పుస్తకాలన్నీ తలుచుకుని పెద్ద జవాబు రాశాను. "వ్యాసాలు వద్దు. సాయంత్రం వచ్చేవాణ్ణి వేరే మనిషిగా ఎక్కించుకోండి" అన్నాడు. లేని మనిషిని పుట్టించలేనన్నాను. తర్వాత జవాబు లేదు.

గదిలో నా పక్క మంచం కరీంనగర్ నుంచి వచ్చిన డ్రైవరుది. రిఫాలో స్కూలు బస్సు నడుపుతాడు.

"ఏందన్నా, ఊకె ఫోన్ దిక్కే చూస్తున్నవ్. వదిన అలిగిందా?"

సంగతి చెప్పాను.

"వాడు నీకు వీసా ఇచ్చిన కఫీలా? జీతమిస్తడా?"

"లేదు తమ్ముడూ."

"మరి గింత పరేషానెందుకే? నేను పొద్దుగాల పిల్లలను బడికాడ దించుత, పగటీలి మళ్ల ఇండ్లకు తోలుకపోత. గట్లయితే నేను ఇద్దర్నా?" అని పకపకా నవ్వాడు. "ఖలాస్ చెయ్యి, బువ్వ తిందాం రా."

తిన్నాక అతని మాటే నిర్వాహకుడికి రాశాను. స్కూలు బస్సులు ఆయన ఊళ్లోనూ ఉన్నట్టున్నాయి. మర్నాడే ఒప్పుకున్నాడు. ఎండ సంగతి, తోటల సంగతి అడగలేదు.

కొత్త షీట్‌లో సాయంత్రం డ్యూటీలన్నీ నిలిచాయి. తోటవాళ్లు తమ గంటలు చూసుకుని వెళ్లిపోయారు. సరిగ్గా ఉన్నదాన్ని గురించి ఎవరేమంటారు? ఎవరికైనా చెప్పాలనిపించింది. డ్రైవరు తమ్ముడు డ్యూటీలో ఉన్నాడు. ఇంటికి ఫోన్ చేసి, వాళ్లు అడిగితే అన్నం తిన్నానని మాత్రం చెప్పాను.

పేర్లు రాస్తే ఇబ్బందిపడేవాళ్లున్నారు. డ్రైవరు తమ్ముడికి, గడువు దాటినా పుస్తకాలు ఇంట్లో ఉంచుకోనిచ్చిన గ్రంథపాలకురాలికి, ముఖం తెలియని ఆ నిర్వాహకుడికి నా కృతజ్ఞతలు.