తెల్లక్క తల్లి కోసం మా బాపమ్మ ఏడ్చిన రోజు

నా చిన్నప్పుడు మా గల్లీలో ఎవరు చనిపోయినా ముందు కబురు మా బాపమ్మకే వచ్చేది. బాపమ్మ అంటే మా నాన్నను కన్న తల్లి. డాక్టరు కన్నా ముందు ఈమెనే పిలుస్తున్నారని మా నాన్న ఎగతాళి చేసేవాడు. ఆమె ఏడ్చినట్టు ఇంకెవరూ ఏడవలేకపోయేవారు మరి. పోయిన మనిషి ఏం ఇష్టపడి తినేది, ఎట్లా నవ్వేది, ఎవరి మీద అలిగి ఎన్నాళ్లు మాట్లాడలేదు, అన్నీ వరసగా రాగంలో పెట్టి ఆమె ఏడుస్తుంటే, అప్పటిదాకా బిగబట్టుకుని నిలబడ్డ మగవాళ్లు కూడా తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకునేవారు. తరవాత ఆ ఇంటివాళ్లు ఒక ముద్ద తినగలిగేవారు. "నేను సచ్చినప్పుడు గింత మంచిగ ఏడ్చెటోళ్లు ఎవలున్నరే" అని ఆమెకు అదొక్కటే బెంగ.

మేముండేది సూరత్‌లో, గోడాదరా అంచున. అప్పటికింకా అక్కడ ఇన్ని మేడలు లేవు. మా గల్లీ దాటితే చెరకు తోట కనిపించేది. గల్లీలో సగం మందిమి తెలంగాణ నుంచి వలస వచ్చిన నేతవాళ్లం, తక్కినవాళ్లు ఒడియావాళ్లు, మరాఠీవాళ్లు. మగవాళ్లు ఖాతాలనే కరెంటు మగ్గాల షెడ్లలో పనికి పోతే, ఆడవాళ్లు ఇళ్లలో కూర్చుని చీరలకు వేలాడే దారాలు కత్తిరించడం, తళుకుల టిక్కీలు అంటించడం చేసేవారు. మా మంచాల మీదా, అన్నం కంచాల్లో కూడా ఆ టిక్కీలు మెరుస్తుండేవి.

మా ఇంటి మేడ మీది గదిలోకి ఒక ఏడాది తెల్లక్క వచ్చి చేరింది. నార్వే నుంచి వాలంటీరుగా వచ్చింది. పొద్దున గల్లీలో చిన్నపిల్లలను పోగుచేసి ఆటలూ పాటలూ నేర్పేది. సాయంత్రం ఒక రేకు డబ్బా తెరిచి, మగ్గాల దగ్గర వేళ్లు కోసుకున్నవాళ్లకు మందు రాసి కట్టు కట్టేది. ఆమెకు చక్కని పేరే ఉంది గాని మా ఎవరి నోటా అది తిరగక, తెల్లగా ఉందని తెల్లక్క అన్నాం. ఆమె కూడా నా పేరు పలకలేక, నాకు తన సొంత పిలుపు ఒకటి పెట్టుకుంది. లెక్క సరిపోయింది.

మొదట్లో నీళ్ల పంపు దగ్గర ఆమెకు వరస తెలియక, ఎవరెవరి బకెట్టు ముందు తన బకెట్టు పెట్టి ఎన్ని తిట్లు తిన్నదో. అవి తిట్లని తెలియక నవ్వుతూ నమస్కారం పెట్టేది. అట్లా నవ్వే మనిషిని ఎన్నాళ్లు తిడతారు? నెల తిరిగేసరికి తిట్టినవాళ్లే ఆమె బకెట్టు నింపి పక్కన పెట్టడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం మా మెట్ల మీద కూర్చుని టిక్కీలు అంటించడం నేర్చుకుంది. ఆమె అంటించిన మొదటి చీరలో పువ్వులన్నీ తలకిందులుగా పూశాయి. మా అమ్మ నవ్వలేక, ఏడవలేక, అన్నీ ఊడదీసి మళ్లీ అంటించింది.

బాపమ్మకూ ఆమెకూ మాత్రం ఎక్కడ కుదిరిందో కుదిరింది. తెల్లక్కకు వచ్చినది ముక్కల హిందీ. బాపమ్మకు తెలుగు తప్ప ఇంకేమీ రాదు. మధ్యలో నేను. ఇద్దరి మాటలూ అటూ ఇటూ మోసీ మోసీ అలిసిపోయి నేను ఆటకు పారిపోయినా, వాళ్లు మాట్లాడుకుంటూనే ఉండేవారు. బాపమ్మ ఆమె పసుపుపచ్చ జుట్టుకు నూనె అంటి గట్టిగా జడ వేస్తుంటే, ఆమె మెట్టు మీదనే కూర్చుని నిద్రపోయేది.

ఒక వానాకాలం బాపమ్మ మా మేనత్తను చూడడానికి బార్డోలీ వెళ్లింది. ఆమె అక్కడుండగానే తెల్లక్క సంస్థ ఆఫీసుకు ఫోను వచ్చింది. వాళ్ల ఊళ్లో ఆమె తల్లి ఉన్నట్టుండి చనిపోయింది. ఇక్కడినుంచి బయలుదేరి అక్కడికి చేరేసరికి అంతా అయిపోతుందని, రావద్దని తండ్రే చెప్పాడట. ఆఫీసు మనిషి ఈ సంగతి తెల్లక్కకు చెప్పి, పోతూ పోతూ మా గల్లీలో కూడా చెప్పి వెళ్లాడు.

మా ఆడవాళ్లు చేతిలో పని చేతిలోనే వదిలి లేచారు. మా పద్ధతిలో చావింటికి పోయేటప్పుడు మలుపు దగ్గరినుంచే గొంతెత్తి ఏడుస్తూ పోవాలి. మా అమ్మ ముందు నడుస్తుంటే అందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని, గల్లీ అదిరేలా ఏడుస్తూ మేడ మెట్ల దాకా వచ్చారు. ఆ గోల విని తెల్లక్క రేకు డబ్బా చంకన పెట్టుకుని ఆ మెట్లు దూకుతూ కిందికి పరుగెత్తుకొచ్చింది. "కిస్కో లగా? ఖూన్ కహా హై?" అని ఒక్కొక్కరి చేతులూ పట్టుకుని చూస్తోంది. ఎవరికో దెబ్బ తగిలి నెత్తురు కారుతోందనుకుంది పాపం.

అందరి ఏడుపూ గొంతులోనే ఆగిపోయింది. "నీకోసమే బిడ్డా" అని మా అమ్మ ఆమె భుజం తట్టింది. అప్పటికి అర్థమై, తెల్లక్క అందరికీ దండం పెట్టి, పైకి పోయి తలుపు వేసుకుంది. మరునాడు పొద్దున మామూలుగానే పిల్లలను కూర్చోబెట్టి చప్పట్లు కొట్టిస్తూ పాట పాడించింది. కంట్లో చుక్క నీరు లేదు. గల్లీ అంతా ముక్కున వేలేసుకుంది. కన్నతల్లి పోతే ఇదేం మనిషి, గుండెనా రాయా అన్నారు. నేనూ అట్లాగే అనుకుందును గాని, పైకి అన్నం తీసుకుపోయినదాన్ని నేనే. పొద్దున పెట్టిన గిన్నె అట్లాగే మూత పెట్టి ఉండేది. తెల్లక్క మంచం మీద కూర్చుని డబ్బాలోని కట్టుగుడ్డను చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం. నన్ను చూసి నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు భయం వేసింది.

బాపమ్మ రాగానే మా అమ్మ జరిగినదంతా చెప్పింది. తిట్టాలంటే బాపమ్మ గొంతు పెంచేది కాదు, తగ్గించేది. "మీరు ఎవలి కోసం ఏడ్శిన్రు? ఆ తల్లి ఎసొంటిదో జరంతన్న ఎరుకేనా మీకు?" అంది. అన్నం వండి, కారం తగ్గించి పచ్చిపులుసు చేసి, గిన్నె నా చేతికిచ్చి మేడ ఎక్కింది.

లోపలికి పోయి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తెల్లక్క ఎదురుగా మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని, మీ అమ్మ ఏం పని చేసేదో అడుగు అంది నాతో. అడిగాను. చేపలు కోసి ఉప్పు పెట్టి ఎండబెట్టేదట. చేతులు ఎట్లా ఉండేవి? ఉప్పుకు పగిలిపోయి ఉండేవి. తీరిక దొరికితే ఏం చేసేది? ఉన్ని దారంతో చొక్కాలు అల్లేది. ఆ మాట చెప్పగానే బాపమ్మ నా వైపు తిరిగి, "గట్లనా, ఆమె గూడ నూలు మనిషే గదా" అంది, దగ్గరి చుట్టం దొరికినట్టు.

ఇంకా అడిగింది. చలికాలం వాళ్ల ఊళ్లో రోజుల తరబడి సూర్యుడు కనిపించడట. తను బడినుంచి చీకట్లో వస్తుంటే, దారి తెలియడానికి తల్లి కిటికీలో దీపం పెట్టేదట. "పొద్దు పొడువని ఊరుంటదా" అని బాపమ్మ నన్నే అనుమానంగా చూసింది. కడపట, నిన్ను ఏమని పిలిచేదో అడుగు అంది.

తెల్లక్క చేతిలోని కట్టుగుడ్డను చుట్టడం ఆపింది. తరవాత, "చూహా. ఛోటా చూహా" అంది.

నాకు నవ్వు వచ్చింది. నేతవాళ్ల ఇంట్లో నూలు కొరికే ఎలుకను మించిన పగవాడు లేడు. ఎలుకపిల్ల అని ముద్దుగా పిలుచుకునే తల్లి ఎక్కడైనా ఉంటుందా? బాపమ్మ నవ్వలేదు. "ఎల్కపిల్లనా?" అని తెల్లక్క గుండె మీద చెయ్యి పెట్టి చూపించింది. తెల్లక్క తలూపి, "ఎల్కపిల్ల" అని ఆ మాటను పలికి చూసింది. పలుకుతుంటే ఆమె గడ్డం వణికింది.

అప్పుడు రాగం ఎత్తుకుంది మా బాపమ్మ.

"ఉన్ని అల్లిన తల్లీ, నూలు వట్టిన తల్లీ, ఉప్పుకు పలిగిన చేతులేవే తల్లీ. కిడికిల దీపం ఇంక ఎవలు వెడుతరే తల్లీ. నీ ఎల్కపిల్ల ఈడున్నదే తల్లీ..."

నేను హిందీలో చెప్పబోతే చేత్తో ఆపింది. చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు. ఆ ఒక్క మాట చెవిన పడగానే తెల్లక్క బాపమ్మ ఒళ్లోకి ఒరిగిపోయింది. అంత ఏడుపు ఆ మనిషిలో ఎక్కడ దాగి ఉందో. కట్టుగుడ్డ చేతిలోంచి జారి గది అంతా దొర్లింది. మెట్ల మీదికి ఒక్కొక్కరే వచ్చి చేరిన ఆడవాళ్లు ఈసారి నిజంగా ఏడ్చారు, ఉప్పుచేతుల ఆ తల్లి తమకూ తెలిసినది కాబట్టి. ఏడుపు సద్దుమణిగాక బాపమ్మ పచ్చిపులుసు కలిపి ముద్దలు చేసి నోట్లో పెడితే, తెల్లక్క అన్నీ తిన్నది.

ఏడాది పూర్తికాగానే ఆమె వాళ్ల దేశం వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. కొత్త సంవత్సరానికి కార్డులు, తరవాత ఎప్పుడో ఒక ఫోను, ఈమధ్య ఫోన్లోనే మొహాలు చూసుకోవడం. ఆమె జుట్టు తెల్లబడడం, నా జుట్టు తెల్లబడడం అందులోనే చూసుకున్నాం. బాపమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆమె బెంగ పడినట్టే అయింది. ఆమె కోసం ఆమె అంత బాగా ఏడ్చినవాళ్లు లేరు. నేను గొంతెత్తబోతే మాట పెగల్లేదు. అది నాకు ఇప్పటికీ గుండెలో ముల్లే.

పోయిన నెల తెల్లక్క ఫోను నుంచే పిలుపు వచ్చింది. తెరమీద ఆమె కూతురు. అమ్మ పోయిందని చెప్పింది. ఆ పిల్ల కళ్లు పొడిగా ఉన్నాయి. ఆ చూపు నేనెరిగినదే. మధ్యన నా మనవరాలు కూర్చుని మాటలు అందిస్తోంది. నిన్ను ఒకటి అడగాలి అంది ఆ పిల్ల. ఏటా ఒకరోజు అమ్మ కిటికీలో దీపం పెట్టి ఒక పాట పాడేదట. అదేమిటని అడిగితే సూరత్ పాట అని మాత్రం చెప్పేదట. దానికి అర్థం కావాలి అని, తడుముకుంటూ పాడింది.

"నీ ఎల్కపిల్ల ఈడున్నదే తల్లీ."

యాస ఎట్లా ఉన్నా, రాగం మా బాపమ్మదే. పొల్లుపోలేదు. ఎక్కడ సాగదీయాలో అక్కడే సాగింది. అర్థం వెంటనే చెప్పలేక, మీ అమ్మ నిన్ను ఏమని పిలిచేది తల్లీ అని అడిగాను. ఆ పిల్ల వాళ్ల భాషలో చిన్న మాట ఏదో అని, ఇంగ్లీషులో విడమరిచింది. చిట్టెలుక అనట, అంది నా మనవరాలు.

నీ చిట్టెలుక ఇక్కడే ఉంది అమ్మా అని ఆ పాటకు అర్థం, అని చెప్పించాను. ఆ పిల్ల రెండు చేతుల్లో మొహం దాచుకుంది. అన్నేళ్లుగా రాని గొంతు నాకు అప్పుడు వచ్చింది. నీళ్ల పంపు దగ్గరి తిట్లూ, తలకిందుల పువ్వులూ, రేకు డబ్బా అన్నీ పెట్టి ఏడ్చాను. పక్క ఫ్లాటు గుజరాతీ ఆమె పరుగున వచ్చి తలుపు కొట్టి, "శుం థయుం, బేన్?" అని, ఏమైందో అడిగింది. మా అక్క పోయింది అన్నాను. ఎంత వయసు, ఏం జబ్బు అని అడిగి, భగవంతుడి ఇష్టం అని వీపు నిమిరి వెళ్లింది. మంచి మనిషే.

ఎవరింటికి పలకరింపుకు వెళ్లినా నేను వయసూ జబ్బూ అడగను. పక్కన కూర్చుని, పోయినవాళ్లు నిన్ను ఏమని పిలిచేవారని అడుగుతాను. బాపమ్మ దగ్గర నాకు అబ్బింది అదొక్కటే. తెల్లక్క నన్ను ఏమని పిలిచేదో మాత్రం ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు. అడిగితే చెబుదామని ఉంది.