గండి పూడ్చిన మా కరుణ వదిన

ముందుగా, తప్పులుంటే మన్నించండి. నేను ఏడో తరగతితో బడి మానేశాను. ఇక్కడ ఎవరి ఫోటో కిందైనా దండం బొమ్మ పెట్టడమే తప్ప ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు.

నిన్న పొద్దున వదినకి పంపుదామని గోంగూర పచ్చడి సీసాలో పెడుతున్నాను.

మా ఆయన ఫోన్ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిపోయారు.

"అక్క పోయింది" అన్నారు.

హార్ట్ ఎటాక్. హాస్పిటల్‌కి తీసుకెళ్ళేలోపే అయిపోయింది.

ఆ సీసాకి ఇంకా మూత పెట్టలేదు.

కరుణ వదిన మా ఆయనకి సొంత అక్క. గుంటూరులో మత్తు డాక్టర్. ముప్పాళ్ళ దగ్గర పల్లెలో పుట్టి అంత చదువు చదివింది. అయినా నన్ను ఏనాడూ తక్కువగా చూడలేదు.

ఆమె ఎంత గొప్పదో మీకు తెలియాలి. అందుకే రాస్తున్నాను.

ఆ మధ్య మా నాన్నకి లివర్‌లో గడ్డ వచ్చింది. పెద్ద ఆపరేషన్ అన్నారు, మత్తిచ్చేది మా వదినే. లివర్ నిండా రక్తమే కాబట్టి కోసేటప్పుడు రక్తం ఎక్కువ పోతే మనిషి దక్కడన్నారు. ఊళ్ళో కుర్రాళ్ళు రక్తం ఇస్తామని ఆటో కట్టుకుని వచ్చారు.

ఆపరేషన్ రోజు పొద్దున నాన్నకి సెలైన్ బొట్టు బొట్టుగా పడుతోంది. అంతకన్నా పెంచొద్దని వదిన గట్టిగా చెప్పింది.

మా బాబాయికి అది నచ్చలేదు. మన ఊళ్ళలో సెలైన్ అంటే బలం కదా. జ్వరమొచ్చినా, నీరసమొచ్చినా ఒక సీసా ఎక్కించుకుంటేనే మనకి తృప్తి.

నర్సు అటు తిరగగానే సీసా కింద చక్రం తిప్పేశాడు. సెలైన్ జలజలా దిగుతోంది.

నేను పెద్దవాళ్ళ ముందు నోరెత్తి ఎరగను. కానీ అక్కడ పడుకున్నది మా నాన్న.

"బాబాయ్, చెయ్యి తియ్. వదిన వద్దంది" అన్నాను.

"ఏందే, నువ్వు గూడా డాక్టరయ్యావా? ఏడో తరగతి డాక్టరు! మనిషి ఎండిపోతంటే సీసా గూడా సరిగా ఎక్కించరా ఈళ్ళు?"

నేను పరిగెత్తుకెళ్ళి వదినని పిలుచుకొచ్చాను.

వదిన చక్రం బిగించింది. కేక వెయ్యలేదు. బాబాయి పక్కన స్టూల్ లాక్కుని కూర్చుంది.

"బాబాయ్, మీ ఊరి కాలవకి గండి పడితే ముందు ఏం చేస్తారు?"

"ఏం చేస్తాం, పైన షట్టర్ దించి నీళ్ళు తగ్గిస్తాం."

"కాలవ నిండా పారేటప్పుడే పూడ్చొచ్చుగా?"

"భలేదానివే! ఆ పారకంలో ఇసక బస్తా నిలబడుద్దా? కొట్టకపోద్ది!"

"మీ అన్న లివర్ కూడా అంతే బాబాయ్. లివర్‌కి వచ్చే రక్తాన్ని సర్జన్ గారు కాసేపు బిగబడతారు, కాసేపు వదులుతారు. అసలే వదలకపోతే లివర్ ఎండిపోద్ది. నరాలు నిండుగా ఉబ్బి ఉంటే కత్తి పెట్టగానే పొంగుద్ది. అవి ఉబ్బకుండా చూడటం నా పని. కోత అయ్యి రక్తం ఆగిందాకా సెలైన్ తక్కువే. ఆ తర్వాత నువ్వు ఎంతంటే అంత."

బాబాయి తలెత్తి సీసా వంక చూశాడు.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు గదమ్మా!"

"ఇప్పుడు చెప్పాగా. ఇంక ఆ చక్రానికి కాపలా నువ్వే."

ఇక చూడాలి మా బాబాయిని! థియేటర్‌లోకి తీసుకెళ్ళేదాకా మంచం దగ్గర నుంచి కదల్లేదు. ఆఖరికి నర్సు వచ్చినా "డాక్టరమ్మని అడిగే ముట్టుకుంటన్నావా?" అన్నాడు.

పొద్దు వాలాక వదిన బయటికి వచ్చింది. ముఖం మీద మాస్క్ తాడు అచ్చు పడింది. మేమంతా లేచి నిలబడ్డాం.

"బాబాయ్, గండి పూడింది. ఇంక నీ సెలైన్ ఎక్కిస్తున్నాం."

తెచ్చిపెట్టిన రక్తం ఒక్క బ్యాగ్ కూడా ఎక్కించాల్సిన పని పడలేదంట.

బాబాయి గోడవైపు తిరిగి తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఊరు ఊరంతా సర్జన్ గారి పేరే చెప్పుకుంది. ఆయన గొప్పవారే. "నీ పేరు ఎవరూ చెప్పట్లేదు వదినా" అని నేనంటే నవ్వింది. "మీ నాన్నకి చెప్పు, మిరప చేలో అప్పుడే బరువులు ఎత్తొద్దని" అంది.

నిన్న సాయంత్రం వదినని పడుకోబెట్టిన పెట్టె ఎత్తేటప్పుడు నాన్న ముందుకొచ్చి భుజం పెట్టాడు.

"నువ్వు మొయ్యమాక, ఆపరేషనయిన మనిషివి" అన్నారెవరో.

"ఆ ఆపరేషన్లో నా ప్రాణం పట్టుకుని కూర్చుంది ఎవరంటా? పక్కకి జరుగు" అన్నాడు.

సమాధుల దాకా భుజం మార్చుకోలేదు. బాబాయి వెనకే నడిచాడు, అన్న పడిపోతాడేమోనని.

ఆమె నాకు వదిన అని చెప్పుకోవడం నాకు గర్వం.

రేపు సిగ్గేసి ఈ పోస్ట్ నేనే తీసేస్తానేమో. ఈలోపు చదివినవాళ్ళు ఆమె పేరు ఒక్కసారి పైకి అనండి. డాక్టర్ కరుణ.

వదినా, ఎంతోమందిని నిద్రపుచ్చి వాళ్ళ పక్కన నువ్వు మేలుకుని కూర్చున్నావు.

ఇప్పుడు నువ్వు నిమ్మళంగా నిద్రపో. నీ పక్కన ప్రభువు మేలుకుని ఉంటాడు.