పదకొండు నిమిషాల మిట్ట

గురజాల దాటాక రైలు కట్ట ఒక మిట్ట ఎక్కుతుంది. బయటివాళ్లు చూస్తే దాన్ని కొండ అనరు. కట్ట పక్కన నాటిన చిన్న రాయి మీద నూరు అని రాసి ఉంటుంది. అంటే వంద మీటర్లు పోతే ఒక మీటరు ఎత్తు. కారులో పోయేవాడికి ఆ ఎత్తు తెలియను కూడా తెలియదు. సిమెంటు నింపుకున్న నలభై పెట్టెలు లాగే ఇంజనుకు మాత్రం అది కొండే.

పాత డీజిల్ ఇంజన్లకు ఆ మిట్ట ఎక్కడానికి పదకొండు నిమిషాలు పట్టేది. తక్కువలో తక్కువ తొమ్మిది, వాన పడితే పద్నాలుగు. ఈ లెక్కలన్నీ నా నోటుపుస్తకంలో ఉన్నాయి. తేదీ, ఇంజను నంబరు, పెట్టెల సంఖ్య, పట్టిన సమయం, పొగ రంగు. ఐదు గడులు. పొగ రంగు గడి నా ఆలోచన కాదు, మావది.

మావ అంటే మేనమామ కాదు. మా వీధి చివర ట్రాక్టర్లు, ఆయిల్ ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఆయనది. మా నాన్నను బావా అని పిలుస్తాడు కనుక నాకు మావ అయ్యాడు. ఆయన భార్య అత్త అయింది. శుక్రవారం నమాజు అయ్యాక ఆయన షెడ్డు తెరవడు. నేను పనిచేసే ఫ్యాక్టరీలో నాకు వారపు సెలవు కూడా శుక్రవారమే. మధ్యాహ్నం ఆయన మోపెడ్ మీద ఇద్దరం మిట్ట దగ్గరికి పోయి, కట్టకు దూరంగా మిరప చేను గట్టు మీద వేపచెట్టు నీడలో కూర్చునేవాళ్లం.

నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివాను. ఆ ఇంజనుకు పదహారు సిలిండర్లని, డ్రైవరు చేతిలోని లివరుకు ఎనిమిది మెట్లుంటాయని, ఒక్కో మెట్టును నాచ్ అంటారని నాకు తెలుసు. మావ ఐదో తరగతితో ఆపేశాడు. కానీ బండి మలుపు తిరగకముందే, కనపడకముందే, చెవి అటు తిప్పి చెప్పేవాడు.

"ఆరో మెట్టు. ఇప్పుడు ఏడేస్తాడు చూడు."

వేసేవాడు. మొదట చప్పుడు బరువెక్కేది, ఆ తర్వాత ఈల లాంటి సన్నటి గాలి మోత, దాని వెనకే పొగ.

"ఎట్టా తెలుస్తది మావా?"

"నువ్వు పుస్తకంలో చూసుకో. నాకు తెలిసిందిలే."

షెడ్డులో అయితే స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని జబ్బు కనుక్కునేవాడు. రైలింజనుకు అది అక్కర్లేదనేవాడు. "ఇది తన జబ్బు తనే మైకులో చెప్పుకుంటది."

తర్వాత కట్ట పొడవునా స్తంభాలు లేచాయి. వాటి మీద తీగలు పరిచారు. రైలు గేటు దగ్గర కాపలా ఉండే ఆయన ఒక గురువారం చెప్పాడు, రేపు పోయే డీజిల్ గూడ్సే ఆఖరుదని, ఎల్లుండి నుంచి అంతా కరెంటు బండ్లేనని. నా పుస్తకంలో అన్నీ ఉన్నాయి, ఒక్కటి తప్ప. కింది నుంచి మిట్ట తల వరకు పూర్తి పదకొండు నిమిషాల చప్పుడు, మధ్యలో ఏ అడ్డూ లేకుండా, రికార్డు చేయాలని నాలుగుసార్లు ప్రయత్నించాను. ఒకసారి గాలి. ఒకసారి గొర్రెల మంద. ఒకసారి ఫోను ఛార్జింగ్ అయిపోయింది. ఒకసారి మావ తుమ్మాడు.

ఆ శుక్రవారం మైకుకు స్పాంజి తొడిగి వేపకొమ్మకు కట్టాను. మావకు ముందే చెప్పాను.

"నోరు తెరవొద్దు మావా. పదకొండు నిమిషాలే."

"నిద్రలో తప్ప నేనంతసేపు మాట్లాడకుండా ఎప్పుడున్నాన్రా అల్లుడూ?"

కింద హారన్ మోగింది. నేను బటన్ నొక్కాను. రెండు ఇంజన్లు జోడించిన బండి. మూడో నిమిషంలో చేను గట్టు మీదుగా అత్త వచ్చింది, చేతిలో అన్నం క్యారియరుతో. నమాజు అవగానే మావ తిండి కూడా తినలేదట, అట్నుంచటే నన్ను ఎక్కించుకుని వచ్చేశాడు. ఆ ఎండలో ఆటో దిగి చేలకు అడ్డంపడి నడిచి వచ్చింది. నేను చేతులు ఊపాను, మాట్లాడొద్దని. ఆమె రమ్మంటున్నాననుకుంది.

ఆ తర్వాత బండి మిట్ట నడుమ జారింది. చక్రాలు పట్టు తప్పి గిర్రున తిరిగాయి, ఇంజను పొలికేక పెట్టింది. డ్రైవరు మెట్లు తగ్గించి, పట్టు కోసం పట్టాల మీద ఇసుక వదిలి, మళ్లీ ఒక్కో మెట్టూ పెంచాడు. మావ లేచి నిలబడి, రెండు చేతులూ ముందుకు చాపి, ఇక్కడి నుంచే నెడుతున్నాడు. తనకా సంగతి తెలియదు. అత్త చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. బండి మిట్ట తల దాటింది. పదకొండు నిమిషాల నలభై సెకన్లు.

ఇంటికొచ్చి విని తల పట్టుకున్నాను. నిమిషానికో మాట. అయినా నేను చదువుకున్నవాణ్ణి, దారి ఉంటుందనుకున్నాను. మొదట ఎక్కడెక్కడ ఏం అడ్డొచ్చిందో పుస్తకంలో సమయంతో సహా రాసుకున్నాను. పైన 'తీసేయవలసినవి' అని శీర్షిక పెట్టాను. రెండు రాత్రులు కంప్యూటర్ ముందు కూర్చుని ఆ జాబితా ప్రకారం మనుషుల గొంతులు తొలగించి, ఆ ఖాళీల్లో ఇంజను చప్పుడే అతికించాను. అతుకు ఎక్కడుందో నాకే తెలియనంత బాగా వచ్చింది. రైళ్ల పిచ్చి ఉన్నవాళ్ల గ్రూపులో పెడితే ఒకాయన రాశాడు, ఇంత శుభ్రమైన రికార్డు వినలేదని. చోటు చాలక ఫోనులోనూ కంప్యూటర్‌లోనూ అసలు ఫైలు తీసేశాను.

ఆ చలికాలంలో అత్త పోయింది. వారం జ్వరం, అంతే.

రెండు నెలల తర్వాత ఒక శుక్రవారం మావ మా ఇంటికి వచ్చాడు. అత్త పోయాక ఆయన మిట్ట దగ్గరికి రావడం మానేశాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఒరేయ్, ఆ రోజు డీజిల్ బండి రికార్డు చేశావు గందా. అది పెట్టు. మీ అత్త మాట్టాడింది అందులో. నా ఫోన్లో ఆమె ఫొటోలున్నై గానీ, గొంతు లేదురా."

పెట్టాను. ఆయన అరచెయ్యి చెవి వెనక పెట్టుకుని విన్నాడు. మూడో నిమిషం దాటింది. నా ముఖం వంక చూశాడు. ఐదు దాటింది. జారిన చోట ఇంజను కేక పెట్టింది. ఆయన ఇంకా ఎదురుచూస్తున్నాడు. చివరి దాకా విన్నాడు.

"ఏది?"

చెప్పాను. మొత్తం చెప్పాను, ఫైలు తీసేసిన సంగతితో సహా.

"ఇంజను ట్యూనింగ్ చెయ్యమంటే డ్రైవర్ని దింపేశావు గదరా అల్లుడూ."

తిట్టినా బాగుండేది. అప్పుడు నాకు పుస్తకం గుర్తొచ్చింది. బీరువాలోంచి తీసి ఆ పేజీ చూపించాను. ఆయనకు చదవడం నెమ్మది. "నువ్వే చదువు," అన్నాడు. "బండి మళ్లీ పెట్టి చదువు. ఎక్కడిదక్కడ."

మొదటి నుంచి పెట్టాను. ఫోనులో సెకన్లు చూసుకుంటూ చదివాను.

"ఒకటీ పది. మావ. 'రెండింజన్లురా, వెనకది దగ్గతంది.'"

"అవును, దగ్గింది."

"మూడూ ఐదు. క్యారియర్ మూత. తర్వాత అత్త. 'ఏందయ్యా, రైలుని చూస్తే కడుపు నిండుద్దా?'"

మావ తల ఊపాడు.

"నాలుగూ ఇరవై. మావ. 'ఉష్, పిల్లోడు రికార్డు చేస్తన్నాడు.' అత్త. 'చేసుకోనీ, నేనేమన్నా పాట పాడుతన్నానా?'"

"పాట పాడుతన్నానా, కాదు. 'నేనేమన్నా పాడటానికొచ్చానా' అంది. సరిగ్గా రాసుకో."

రాసుకున్నాను. బండి జారింది, కేక పెట్టింది. ఎనిమిదీ పదిహేను దగ్గర నా రాత ఇలా ఉంది: నవ్వు, అత్త, నాలుగు సెకన్లు. దాన్ని చదవడం ఎలాగో నాకు తెలియలేదు. ఊరికే వేలు ఎత్తి చూపించాను. మావకు అర్థమైంది. ఆ నాలుగు సెకన్లూ గదిలో ఇంజను ఒక్కటే మిట్ట ఎక్కింది.

తొమ్మిదీ నలభై దగ్గర అత్తది ఇంకొక్క మాట మిగిలింది. నేను పుస్తకం దగ్గరికి తీసుకునేలోపే మావ అన్నాడు. కళ్లు మూసుకునే ఉన్నాడు, ఫోను వంక చూడలేదు. అయినా ఒక్క సెకను తేడా లేదు.

"ఎక్కుద్దిలేవయ్యా. ఎక్కకేం చేసుద్ది."

ఏడో మెట్టు ఎనిమిదో మెట్టులోకి మారింది.