కోడిపెట్ట కింద నీడ

ఆఫీసులో అందరూ ఆయన్ని గెంతుల మాస్టారు అంటారు. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా కనిపించదు. నలభై ఆరేళ్ళ వయసు, ముందుకొచ్చిన పొట్ట, రెండంతస్తులు ఎక్కేసరికి ఆయాసం. అలాంటి మనిషికి ఆ పేరు ఎందుకొచ్చిందంటే, పదహారేళ్ళుగా ఆయన ఉద్యోగమే గెంతడం. కంగారు పడకండి, గెంతేది ఆయన కాదు, తెర మీది కోడిపెట్ట.

ఆ కోడిపెట్ట తెలియని పిల్లలు తక్కువ. దాని గుడ్లు ఎవరో ఎత్తుకుపోయారు. ఎగరడం రాదు గనక గోతులు దూకుతూ, ముళ్ళకంపలు దాటుతూ వాటిని ఏరుకోవాలి. ఎడమ నుంచి కుడికి పోవడమే దాని బతుకు. ఇప్పటికి ఐదు వీడియో గేములు వచ్చాయి, ఐదింటిలోనూ గుడ్లు పోయాయి. ఆ కోడి ఒక్కసారి జాగ్రత్త నేర్చుకుని ఉంటే ఇంతమంది ఉద్యోగాలు ఉండేవి కావు.

ఆట బజారుకి వెళ్ళకముందు ప్రతి గోతినీ వందసార్లు దూకించి చూడటం మాస్టారి పని. కోడి పడిపోతే ఎందుకు పడిందో నోటుబుక్కులో రాస్తారు. "మూడో గొయ్యి. కోడి తప్పు లేదు. అంచు బొమ్మ ఒకచోట ఉంది, అసలు అంచు ఇంకోచోట ఉంది." ఆయన నోటుబుక్కులు ఒక బీరువా నిండా ఉన్నాయి. వాటిలో ఎక్కడ తెరిచినా "కోడి తప్పు లేదు" అనే ఉంటుంది. ప్రోగ్రామర్లకి ఆ మాట వింటే ఒళ్ళు మండేది, కానీ వెళ్ళి చూస్తే ఆయనే రైటయ్యేవారు.

ఆ పని ఇంత కొట్టిన పిండి అయిన మనిషికి ఒక రహస్యం ఉంది. ఆయన ఎడమకన్ను పుట్టుకతోనే పని చేయదు. పైకి కుడికన్నులాగే ఉంటుంది, కదులుతుంది, రెప్ప కొడుతుంది, చూడదు అంతే. ఉద్యోగంలో చేరిననాడు ఇచ్చిన ఫారంలో "చూపులో లోపం ఏమైనా ఉందా?" అని ఒక గడి ఉంది. అప్పటికే ఉద్యోగాల కోసం తిరిగి తిరిగి చెప్పులు అరగదీసుకున్న మనిషి, పెన్ను పట్టుకుని చాలాసేపు ఆలోచించి, "కళ్ళజోడు లేదు" అని రాశారు. అబద్ధమైతే కాదు. కానీ గుండె మీద చెయ్యేసుకుని నిజమనీ చెప్పలేరు. ఆ గడి గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ ఆయనకి అన్నం సహించదు.

అదృష్టం కొద్దీ ఆ ఆటలో ముప్పంతా కుడివైపు నుంచే వచ్చేది. ముళ్ళకంపైనా, రాయైనా, గుడ్లదొంగైనా కుడి అంచు నుంచే తెర మీదికి రావాలి. ఎడమవైపు అయిపోయిన దారి, చూసినా చూడకపోయినా ఒకటే. ఆ లోకంలో ఆయనకి లోటన్నది లేదు.

బయటి లోకంలో ఎడమవైపు చూసుకునే బాధ్యత భార్యది. ఆవిడ కొరియర్ ఆఫీసులో పార్సిళ్ళు తూకం వేస్తుంది. వీధిలో నడిచినా, బస్సులో కూర్చున్నా, నలుగురిలో నిలబడ్డా ఆయనకి ఎడమపక్కనే ఉంటుంది. అటు నుంచి మనిషో సైకిలో వస్తే మోచేత్తో చిన్నగా పొడుస్తుంది. ఆయన పక్కకి జరుగుతారు. చూసేవాళ్ళు, ఈ వయసులో కూడా ఎంత అన్యోన్యమో అనుకునేవారు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆవిడ వీధిలో కుడివైపుకి వచ్చింది లేదు.

ఒక సోమవారం పొద్దున ఆఫీసు నడిపే మేడమ్ అందరినీ పిలిచి నిలబెట్టింది.

"ఆరో ఆట త్రీడీలో చేస్తున్నాం. ఇకనుంచి కోడి ఎటు కావాలంటే అటు పోతుంది. ముందుకి, వెనక్కి, చుట్టూ."

అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారూ కొట్టారు గానీ ఆయన గుండెల్లో రాయి పడింది. ఆయనకి త్రీడీ అంటే ఒకటే గుర్తు. చాలాకాలం కిందట, అట్ట కళ్ళజోళ్ళు పంచిపెట్టే త్రీడీ సినిమాకి వెళ్ళారు. తెరలోంచి ఏదో మీదికి దూసుకొచ్చిందట, హాలంతా తలలు వంచింది. ఈయనకి బొమ్మ మామూలుగా తెర మీదే ఉంది, ఏదీ మీదికి రాలేదు. పక్కవాళ్ళని చూసి తానూ తల వంచారు. త్రీడీకి రెండు కళ్ళు కావాలని ఆనాడే తెలిసిపోయింది. ఇప్పుడా సినిమా తన బల్ల మీదికే వచ్చింది.

మొదటి ముక్క తయారవగానే మాస్టారికి నడుంనొప్పి వచ్చింది. నడుంనొప్పికీ, వేళ్ళతో ఆడే ఆటకీ ఏం సంబంధమని ఎవరైనా అడిగేలోపే, పాత ఆటల మీద ఇంకా చిన్న చిన్న పనులు మిగిలాయని చెప్పి మూలబల్లకి జరిగిపోయారు. అలా మూడు వారాలు గడిపారు.

ఆ మూడు వారాలూ కోడి మునుగుతూనే ఉంది. ఆట మొదటి దశలో ఒక వాగు, వాగులో ఏడు రాళ్ళు. రాయి మీంచి రాయి మీదికి దూకి దాటాలి. ఒక్కరూ దాటలేదు. కొత్తగా చేరిన ప్రోగ్రామరు అమ్మాయి దూకిస్తే రాయికి ఇవతల పడుతుంది, మేడమ్ దూకిస్తే అవతల పడుతుంది. రాళ్ళని పెద్దవి చేశారు. వాగుని సన్నం చేశారు. కోడి కాళ్ళు పొడుగు చేశారు. చివరికది కోడో కొంగో తెలియకుండా పోయింది, మునగడం మాత్రం మానలేదు. మేడమ్‌కి ఓపిక నశించి, మూలబల్ల దగ్గరికి వచ్చింది.

"మాస్టారూ, మీ నడుం సంగతి ఎలా ఉన్నా సరే, రేపు పదింటికి ఈ వాగు మీరే దాటించాలి. మాకు ఏం తప్పో అంతుపట్టట్లేదు."

ఆ సాయంత్రం ఆయన భోజనం దగ్గర కూర్చుని మెతుకులు లెక్కపెడుతుంటే భార్య అడిగేసింది.

"ఎన్నాళ్ళని దాస్తారు? చెప్పేయండి వాళ్ళకి."

"పదహారేళ్ళు కాగితం మీద దాచి ఇప్పుడు చెప్తే ఏమంటారు? ఒంటికన్నువాడు మా ఆటలు తనిఖీ చేశాడా అనరూ? తీసేస్తారు."

"తీసేస్తే ఇంకో ఉద్యోగం చూసుకుందాం. మీరిలా తిండి మానేస్తే ఇంకో మొగుణ్ణి ఎక్కడ వెతుక్కోను?"

ఆయనకి నవ్వొచ్చింది గానీ మెతుకు దిగలేదు. మర్నాడు పొద్దున అలవాటు ప్రకారం ఇద్దరికీ టీ పోశారు. ఎప్పటిలాగే గిన్నె మూతిని గ్లాసు అంచుకి తాకించి, తగిలిందని తెలిశాకే వంచారు. ఇన్నేళ్ళలో ఆయన పోసిన టీ ఒక్క చుక్క బల్ల మీద పడలేదు.

పదింటికి ఆయన తెర ముందు కూర్చున్నారు. వెనక ఐదుగురు నిలబడ్డారు. కంట్రోలరు చేతిలోకి తీసుకున్నారు. కోడి వాగు ఒడ్డున నిలబడి ఉంది. ఏ రాయి దగ్గరో ఏది దూరమో ఏమీ తెలియడం లేదు. ఇక అయిపోయిందనుకున్నారు.

ఏం చెయ్యాలో తోచక, రోడ్డు దాటేముందు తాను తల అటూ ఇటూ జరిపి చూసుకున్నట్టే చేశారు. దూకించకుండా కోడిని కాస్త ఎడమకి నడిపించారు, మళ్ళీ కుడికి నడిపించారు. రాళ్ళు కదిలాయి. ఒకటి గబుక్కున పక్కకి జరిగింది, ఇంకొకటి నెమ్మదిగా జరిగింది. గబుక్కున జరిగేది దగ్గరిది, నెమ్మదిగా జరిగేది దూరానిది. దీపస్తంభాలూ బళ్ళూ మనుషులూ ఆయనకి పుట్టినప్పటి నుంచీ అలాగే కదులుతున్నారు. అట్ట కళ్ళజోడూ లేదు, దూసుకురావడమూ లేదు. ఇది ఆయన రోజూ నడిచే వీధే.

దూకించారు. కోడి మొదటి రాయి మీద దిగింది. మళ్ళీ అటూ ఇటూ నడిపించి చూశారు, రెండో రాయి. మూడోది. ఏడు రాళ్ళూ దాటి కోడి అవతలి ఒడ్డున నిలబడి రెక్కలు కొట్టుకుంది.

ప్రోగ్రామరు అమ్మాయి కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"ఏ రాయి ఎంత దూరమో మీకెలా తెలిసింది మాస్టారూ? నాకూ నేర్పండి."

అనుభవమమ్మా అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ పిల్ల నిజంగానే నోటుబుక్కు తెరిచి, పెన్ను పట్టుకుని కూర్చుంది. ఉన్నది చెప్పకుండా ఉన్న విద్య ఎలా నేర్పుతారు?

"నాకు ఎడమకన్ను కనిపించదమ్మా," అన్నారు. "పుట్టినప్పటినుంచీ అంతే. అందుకని నేను ఏదైనా అటూ ఇటూ కదిలి చూసుకుంటాను. చేరేటప్పుడు ఫారంలో రాయలేదు. తప్పే."

ఆ అమ్మాయి అరచేత్తో తన ఎడమకన్ను మూసుకుని తెర వంక చూసింది. చెయ్యి తీసి చూసింది. మళ్ళీ మూసింది.

"ఏం తేడా లేదు," అంది నెమ్మదిగా. "మేడమ్, మీరూ చూడండి. తెర బల్లపరుపుగా ఉంది కదా. దీని ముందు రెండు కళ్ళున్నా ఒకటున్నా ఒకటే. ఇక్కడ అందరం ఒంటికన్ను వాళ్ళమే. మనకి అలవాటు లేదు, మాస్టారికి నలభై ఆరేళ్ళ అలవాటు."

మేడమ్ ఒక కన్ను మూసుకుంది. మిగిలిన ముగ్గురూ మూసుకున్నారు. అప్పుడే కవరు పట్టుకుని లోపలికొచ్చిన పోస్టుమాన్, ఐదుగురు పెద్దమనుషులు చేత్తో కన్ను మూసుకుని కోడిని చూస్తూ ఉండటం చూసి, కవరు బల్ల మీద పెట్టి, ఏమీ అడగకుండా మెట్లు దిగిపోయాడు.

"ఇంతకీ ఫారంలో ఏం రాశారు?" అంది మేడమ్.

"కళ్ళజోడు లేదని."

మేడమ్ నవ్వి నవ్వి, తన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. "నాకుంది మాస్టారూ కళ్ళజోడు. మూడు వారాలుగా ఆ వాగులోనే మునుగుతున్నాను. ఆ ఫారాన్ని పదహారేళ్ళు మోశారా మీరు? ఇవాళ్టితో దించేయండి. దించేసి, ఈ కోడికి ఏం కావాలో చెప్పండి."

మాస్టారి కళ్ళు చెమర్చాయి. పని చేయని కన్ను కూడా ఆ పని మాత్రం చక్కగా చేసింది. టీ పోసేటప్పుడు గ్లాసు అంచుకి తాకించే సంగతి చెప్పి, "గాల్లో ఉన్న కోడికి తాకించడానికి ఏమీ లేదు," అన్నారు. "కాబట్టి సరిగ్గా దాని కింద ఒక నల్లటి గుండ్రటి నీడ పెట్టండి. నీడ ఎక్కడుంటే కోడి అక్కడే దిగాలి."

"సూర్యుడు పక్కన ఉన్నాడు కదా మాస్టారూ, నీడ పక్కకి పడాలి," అంది అమ్మాయి.

"సూర్యుడికి సర్దిచెప్పమ్మా."

భోజనాల తర్వాతకి నీడ వచ్చింది. సాయంత్రానికి ఆఫీసులో అందరూ వాగు దాటారు. కోడికి పాత కాళ్ళు తిరిగి ఇచ్చేశారు. మాస్టారు నోటుబుక్కు తెరిచి, "వాగు. కోడి తప్పు లేదు," అని రాసి ఇంటికి బయల్దేరారు.

భార్య ఎప్పటిలాగే బస్టాపులో ఎదురుచూస్తోంది. ఎడమపక్కకి వచ్చి నడక మొదలుపెట్టింది. ఆయన జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పారు. ఆవిడ ఆయన వెనక నుంచి చుట్టూ తిరిగి కుడిపక్కకి వచ్చింది.

"ఇదేంటి?" అన్నారాయన.

"ఇంక దాచేదేముంది? ఎవరికైనా తగిలితే కనిపించదని చెప్పండి. ఇన్నేళ్ళలో దారిలో నా మొహం చూస్తూ మాట్లాడారా మీరు ఎప్పుడైనా?"

ఆయన చూశారు. నడిచేటప్పుడు ఆవిడ మాట అనకముందే ఆ మాటకి తనలో తాను నవ్వుకుంటుందని, ఇరవై రెండేళ్ళ తర్వాత ఆయనకి ఆరోజే తెలిసింది. అలా చూస్తూ చూస్తూ ఎడమవైపు నుంచి సంచులతో వస్తున్న ఒకాయన్ని ఢీకొట్టారు.

"క్షమించండి," అన్నారు మాస్టారు, వీధిలో నలుగురికీ వినపడేంత గొంతుతో. "అటువైపు నాకు కనిపించదండీ."