సంచెడు రాలుడు కాయలు

నేను గల్ఫ్ నర్సింగ్ లైసెన్సు పరీక్ష తప్పిన సంగతి మా మేనత్తకు ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు. ఎవరో చెప్పారని మాత్రం వెంటనే తెలిసింది. మా వైపు తొలి కోత కాగానే అయినవాళ్ళ ఇళ్ళకు మామిడికాయల పెట్టె పంపుతారు. అడుగున వరిగడ్డి పరిచి, బంగినపల్లి కాయలు వరసగా పేర్చి, ఏ ఇంటికి ఏ సైజు వెళ్ళాలో ఆలోచించి మరీ పంపుతారు. నాకు నర్సు ఉద్యోగం వచ్చిన ఏడు అత్త పంపిన పెట్టెలో ఒక్కో కాయ రెండు చేతులా పట్టుకోవలసినంత ఉంది. పరీక్ష తప్పిన ఏడు పెట్టె రాలేదు, సంచి వచ్చింది. నిండా గాలిదుమారానికి రాలిన కాయలు.

"పచ్చడికి పనికొస్తాయని పంపారండీ," అన్నాడు తెచ్చిన మనిషి.

అమ్మ పచ్చడి పెట్టింది. నేను ఏడాది పాటు ఆ జాడీ మూత ముట్టుకోలేదు.

ఎందుకు తప్పానో నేనే చెప్పాలి, ఎందుకంటే ఊళ్ళో చెప్పుకున్న కారణాలు వేరు. ఇంగ్లీషు రాక అని కొందరు, ముప్పై దాటాక చదువు తలకెక్కదని కొందరు తేల్చేశారు. అసలు కారణం నూజివీడులో నేను ఎనిమిదేళ్ళు పనిచేసిన చిన్న ఆసుపత్రి. చేరిన కొత్తలో ఒక పెద్దాయన ఊపిరాడక గిలగిలలాడుతుంటే లేపి కూర్చోబెట్టి, ఆక్సిజన్ పెట్టి, ఆ తర్వాత డాక్టరుకు ఫోన్ చేశాను. పెద్దాయన తేరుకున్నాడు. డాక్టరు వచ్చి, ఆయన బంధువులందరి ముందూ నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: "నువ్వు డాక్టరువా?"

హెడ్ సిస్టర్ నన్ను పక్కకు తీసుకెళ్ళింది. "చూడమ్మాయ్, పైకప్పు ఊడి పడ్డా సరే, ముందు సార్‌కి ఫోన్ చెయ్యి. ఎవరి మీద పడిందో తర్వాత చూద్దాం."

నేను నేర్చుకున్నాను. చాలా బాగా నేర్చుకున్నాను. ఎనిమిదేళ్ళలో నా వేలు రోగి నాడి కన్నా ముందు ఫోన్ మీదికి వెళ్ళడం అలవాటు చేసుకుంది. పరీక్షలో ప్రశ్నలన్నీ ఇంచుమించు ఒకే పద్ధతిలో వచ్చాయి: రోగికి ఇలా అయింది, నర్సు మొదట ఏం చేయాలి? నాలుగు జవాబుల్లో ఒకటి డాక్టరుకు తెలియజేయడం. అది కనబడిన ప్రతిచోటా పాత స్నేహితురాలు ఎదురైనట్టు సంబరపడి దాన్నే నొక్కాను. వాళ్ళకు కావలసింది వేరే. ముందు మనిషిని చూడాలట. చూసి, చేతనైంది చేసి, అప్పుడు చెప్పాలట. ఆ పనికి నన్ను పదిమందిలో నిలబెట్టి కడిగేశారని వాళ్ళకు తెలియదు.

గల్ఫ్‌లో ఒక ఆసుపత్రి నన్ను అప్పటికే ఇంటర్వ్యూ చేసి తీసుకుంది. లైసెన్సు ఒక్కటే తక్కువ. "మేడమ్, జూన్ దాకానే ఆగుతారంట. ఈసారి కూడా పోతే సీటు ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు," అన్నాడు ఏజెన్సీ అతను. రెండో పరీక్ష మే నెలాఖరున పడింది. మే నెలంటే మా దగ్గర మామిడి తప్ప ఇంకేమీ కాదు. సెలవు పెట్టిన మనిషిని ఊరికే కూర్చోనివ్వరు కాబట్టి, నాన్న తోటలో కోతులను తోలే పని నాకు పడింది. కాపలా పాకలో ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో ప్రశ్నల పుస్తకం. డాక్టరుకు చెప్పాలన్న జవాబును బొటనవేలితో మూసి, మిగతా మూడింట్లోంచి ఎంచుకోవడం సాధన చేశాను. వేలు తీయగానే మళ్ళీ అదే సరైనదనిపించేది.

గట్టు అవతల అత్త తోట. కోత రోజుల్లో ఆవిడ పొద్దున్నే వచ్చి, కుర్చీ సరిగ్గా నా పాక ఎదురుగా వేయించుకునేది. విస్సన్నపేట దాకా ఉన్న నీడంతటిలో ఆవిడకు నచ్చిన నీడ అదొక్కటే.

"ఏమే, ఇంకా అదే పుస్తకమా?"

"అవునత్తయ్యా."

"నువ్వు అది పట్టుకున్నాక మా చెట్లు రెండు కాపులు కాశాయే!"

కాయలు కోసే చిక్కాలు పట్టుకుని కూలీలు నవ్వారు. వాళ్ళలో ఒకావిడ జాలిగా అడిగింది: "ఈసారి కూడా తప్పితే మళ్ళీ మొదట్నించీ చదవాలా అండీ?"

"మొదట్నించీ అంటే ఒకటో క్లాసు నుంచే," అంది అత్త. "పునాది గట్టిగా పడద్ది."

పుస్తకం వెనక పేజీలో తేదీ వేసి ఈ మాట రాసుకున్నాను. ఆ పేజీలో చోటు తగ్గిపోతూ వచ్చింది.

పరీక్షకు ఇంకా వారం ఉంది. ఆ రోజు లారీ మధ్యాహ్నానికల్లా హనుమాన్ జంక్షన్ చేరాలని అత్త కూలీలను తెగ తొందరపెట్టింది. షుగరు బిళ్ళ వేసుకుని వచ్చి, టిఫిను మాట మరిచిపోయింది. పదకొండు దాటాక ఆవిడ గొంతు ఆగిపోయింది. దాంతోనే నాకు అనుమానం వచ్చింది. గట్టు దాటి వెళ్ళేసరికి కుర్చీలో ఒక పక్కకు వాలి ఉంది. చీర చెమటకు తడిసింది, చేతులు వణుకుతున్నాయి, లెక్కపెట్టిన పెట్టెలనే మళ్ళీ లెక్కపెడుతోంది.

నా చేయి ఫోన్ తీసింది. ఆసుపత్రి నంబరు నొక్కింది కూడా. అటు రింగవుతుండగా ఆ ప్రశ్న నా కళ్ళ ముందు నిలిచింది, నాలుగు జవాబులతో సహా. ఫోన్ పెట్టేశాను.

"అత్తయ్యా, నా వైపు చూడు. నేనెవర్ని?"

"పరీక్ష తప్పినదానివి," అంది ముద్దగా.

షుగరు పడిపోయింది. మాట వస్తోంది, మింగగలదు. తోట నిండా మామిడి, తీపిది ఒక్కటి లేదు. కోసేదంతా పచ్చికాయే కదా. కూలీల టీ సామాను దగ్గర పంచదార డబ్బా కనబడింది. చెంబెడు నీళ్ళలో గుప్పెళ్ళతో కలిపి, తల పట్టుకుని, గుటక గుటకగా తాగించాను. పావుగంటకు చెమట ఆగింది. రెండు బిస్కెట్లు తినిపించాను. అప్పుడు డాక్టరుకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. వెంటనే తీసుకురమ్మన్నారు.

తేరుకున్న అత్త మొదటి మాట: "డాక్టరు గారిని అడక్కుండా నాకేం తాగించావే?"

సాయంత్రానికి అది ఊరంతా పాకింది. అమ్మ ఆవిడను చూడ్డానికి ఆసుపత్రికి వెళితే, మంచం మీదినుంచే, "నీ కూతురు ఫోన్ చేస్తూ చేస్తూ మధ్యలో ఆపేసి నామీద ప్రయోగం చేసింది, తెలుసా?" అందట.

"బాగయ్యావు కదా వదినా," అందట అమ్మ.

"బాగవకపోతేనో?"

నువ్వు డాక్టరువా అన్న మాటే అది, వేరే నోట్లోంచి వచ్చింది. అయితే ఈసారి అది నన్ను భయపెట్టలేదు. ముందు మనిషిని చూసే ఆ పద్ధతి వల్ల మనిషి లేచి కూర్చుని తిట్టడం నా కళ్ళతో చూశాను.

విజయవాడలో పరీక్షకు కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు బొటనవేలు అవసరం రాలేదు. చెమటలు పట్టి, తికమకగా మాట్లాడుతున్న షుగరు రోగి ప్రశ్న కూడా వచ్చింది. అది చదువుతుంటే ఆ కుర్చీ, ఆ చీర, ఆ గొంతు. ముందు మనిషిని చూడు. నొక్కి ముందుకెళ్ళాను.

పాసయ్యాను. జూన్ రాకముందే కాగితం ఏజెన్సీకి పంపాను.

తనమీద నేర్చుకునే పాసయ్యానని అత్త అందరికీ చెబుతోంది. అది అబద్ధం కాదని నాకు తెలుసు. ఆవిడకు మాత్రం చెప్పను.

చివరి కోతలోంచి పెట్టె వచ్చింది. వరిగడ్డి, వరసలు, అన్నీ మర్యాదగానే ఉన్నాయి. పైవరస కాయలు నిజంగానే రెండు చేతులా పట్టుకోవలసినంత ఉన్నాయి. నేను గడ్డి తీసి అడుగు వరస దాకా చూశాను. రెండు కాయలకు మచ్చ ఉంది. పుస్తకం వెనక పేజీలో చోటు లేక, తేదీ వేసి ఆ సంగతి అట్ట మీద రాశాను.