గడ్డిపరక మీద చూపు

ఆ క్లబ్బు వరండాలో నా గ్లాసు విడిగా ఉండేది. మిగతా ముగ్గురికీ సాసర్లున్న కప్పులు, నాకు పిట్టగోడ మీద బోర్లించిన గాజు గ్లాసు. దాని అంచున చిన్న పెచ్చు ఊడిపోయింది. ఎటు తిప్పి తాగితే పెదవి తెగదో రెండో ఆదివారానికే తెలిసిపోయింది. యాభై ఏళ్ళు దాటినా ఆ పెచ్చు ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలను. ఇలాంటివి మరిచిపొమ్మని మా ఇంట్లోవాళ్ళు చెబుతూనే ఉంటారు. నేను మరిచిపోలేదు. మరిచిపోయే ఉద్దేశం కూడా లేదు.

అరవైల చివర్లో నేను విజయనగరానికి పడమటనున్న ఒక జూట్ మిల్లులో టైమాఫీసు గుమాస్తాని. మాది గజపతినగరం దగ్గర వ్యవసాయ కుటుంబం. మావాళ్ళలో కుర్చీలో కూర్చుని పనిచేసిన మొదటివాణ్ణి నేనే. అప్పటికి నా ఉద్యోగం ఖాయం కాలేదు. మిల్లు వెనక బీడులో తెల్లదొరల కాలంలో చేసిన గోల్ఫు మైదానం ఉండేది. మొత్తం ఆరు గుంటలు. మా ఎండలకు గుంటల చుట్టూ మెత్తటి పచ్చిక బతకదు. అందుకని ఇసుకలో వాడేసిన మిషను నూనె కలిపి, గుండ్రంగా చదును చేసేవారు. తెల్లదొరలు వెళ్ళిపోయారు, ఆట మిగిలింది. మా మేనేజరు గారు, అసిస్టెంటు మేనేజరు గారు, మిల్లు డాక్టరు గారు ప్రతి ఆదివారం ఆడేవారు. వాళ్ళతో ఆడే నాలుగో ఆఫీసరుకు బదిలీ అయింది. ఇద్దరిద్దరు చొప్పున ఆడాలంటే నలుగురు కావాలి. మేనేజరు గారు టైమాఫీసు గుమ్మంలో నిలబడి నా భుజాల వైపు చూసి, నాగలి పట్టిన చేతులేనా అని అడిగారు. అవునన్నాను. అంతే, నా ఎంపిక జరిగిపోయింది. నా పేరు అడగలేదు. ఆడిన నాలుగు నెలల్లోనూ అడగలేదు.

నాకు ఆట నేర్పింది మైదానం చూసుకునే మాలీ. యాభై ఏళ్ళ మనిషి, పక్క ఊరి రైతే. గడ్డి కోసేది అతనే, ఇసుక సర్దేది అతనే. ఆట జరిగేటప్పుడు ఆడేవాళ్ళకి ఎదురుగా, నూట యాభై అడుగుల దూరంలో నిలబడి, బంతి ఎక్కడ పడిందో తువ్వాలు ఊపి చూపించేవాడు. నేను అతన్ని మావా అనేవాణ్ణి. అతను నన్ను బావూ అనేవాడు. ఆ మిల్లు మొత్తం మీద నన్ను మనిషిలా పిలిచింది అతనొక్కడే అనుకునేవాణ్ణి. అందుకే అతని మీద కోపం మిగతావాళ్ళ మీదకంటే ఎక్కువ కాలం నిలిచింది.

బంతిని కొట్టే కర్ర అతను ఎప్పుడూ పట్టుకోలేదు, దొరలు పట్టుకోనివ్వలేదు. ఇరవై ఏళ్ళు ఎదురుగా నిలబడి దొరల తలలు చూసి ఆట నేర్చుకున్నాడు. బంతి ఎటు పోతుందో బంతిని చూసి కాదు, కొట్టేవాడి తలను చూసి చెప్పేవాడు. తల ముందే లేస్తే బంతి నేలబారుగా దొర్లుతుంది. తల పక్కకు వాలితే బంతి తాడితోపులోకి పోతుంది. తల కదలకపోతే అప్పుడు చూపు ఆకాశం వైపు తిప్పేవాడు.

పని మొదలవక ముందు, పొద్దున్నే అతను నాకు నేర్పేవాడు. మొదటి వారమంతా నేను కొట్టిన ప్రతి దెబ్బా నేల మీదే దొర్లింది. కర్ర ఇంకా బంతిని తాకకుండానే, అది ఎంత దూరం పోయిందో చూసుకోవాలన్న ఆత్రంతో తల లేచిపోయేది. అతను విసుక్కోలేదు. దగ్గరికొచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"బంతిని మొత్తం సూడకు బావూ. దాని ఎనకాల ఒక గడ్డిపరక ఉంటాది. దాన్నే సూడు. బంతి ఎలిపోయినా నీ సూపు ఆ పరక మీదే ఉండాల."

"మరి మనసు ఎక్కడుండాలి మావా?"

"మనసుకి పనెట్టాల. కళ్ళంలో ధాన్యం కొలిసినట్టు లెక్కెట్టు. లాభం, రెండు, మూడు. అప్పుడు తలెత్తు. కొలిసేవోడు మద్దిలో తలెత్తితే ఏటవుద్ది? మల్లీ మొదట్నించి కొలవాల."

మా కళ్ళాల్లో ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. అది నాకు పుట్టినప్పటినుంచీ తెలిసిన లెక్క. మా నాన్న కొలుస్తుంటే పక్కన ఎవరు పలకరించినా తలెత్తేవాడు కాదు. ఆ రోజు నేను పరక వైపు చూసి, కర్ర తిప్పి, మనసులో లాభం అనుకున్నాను. కర్ర తగిలినట్టు కూడా తెలియలేదు. మూడు దగ్గర తలెత్తేసరికి బంతి ఇంకా గాలిలోనే ఉంది. ఇప్పుడు టీవీలో గోల్ఫు గురించి చెప్పేవాళ్ళు గంటసేపు మాట్లాడతారు. అతను చెప్పినదానికంటే ఎక్కువ ఏమీ చెప్పరు.

నాలుగో నెలలో నా బంతి అసిస్టెంటు మేనేజరు గారి బంతి కంటే దూరం పోవడం మొదలైంది. ఆయన డాక్టరు గారితో ఇంగ్లీషులో, నాగలికి కట్టే ఎద్దు తిన్నగానే నడుస్తుంది, దానికి వేరే దారి తెలియదు కదా, అన్నాడు. నాకు ఇంగ్లీషు అర్థం కాదనుకున్నాడో, అర్థమైనా ఫరవాలేదనుకున్నాడో. డాక్టరు గారు నవ్వారు. ఆ నవ్వు కూడా నా లెక్కలోనే ఉంది.

మాఘమాసంలో ఒక ఆదివారం ఉదయం. మూడో గుంట. మేనేజరు గారూ డాక్టరు గారూ కుడివైపున మాట్లాడుకుంటూ నడుస్తున్నారు. నా బంతి వెనకపడింది, అసిస్టెంటు మేనేజరు గారి బంతి నాకు ఎడమవైపు ఇరవై అడుగుల దూరంలో కొంచెం ముందుగా ఉంది. గుంటకు ఎవరి బంతి దూరంగా ఉంటే వాళ్ళు ముందు కొట్టాలి, మిగతావాళ్ళు ఆగాలి. వంతు నాది. మావ ఎప్పటిలా ఎదురుగా నిలబడి తువ్వాలు ఎత్తాడు.

పరక వైపు చూశాను. కొట్టాను. లాభం. రెండు. అప్పుడు ఎడమవైపు ఇంకో కర్ర చప్పుడు వినిపించింది. వంతు కాకుండా ఎవరో కొట్టారు. అయినా తల ఎత్తలేదు. మూడు. తలెత్తాను.

మావ నేల మీద కూర్చుని ఉన్నాడు. తువ్వాలు పక్కన పడి ఉంది. మొహం మీద చెయ్యి, వేళ్ళ మధ్యనుంచి రక్తం. ఏదో వస్తువు పడిపోతే వెతుక్కుంటున్నట్టు రెండో చేత్తో గడ్డి తడుముతున్నాడు.

నేను పరుగెత్తాను. అసిస్టెంటు మేనేజరు గారు నాకంటే ముందున్నాడు కదా, ముందే చేరాడు. నేను వెళ్ళేసరికి ఆయన వంగి లేస్తున్నాడు. అక్కడ ఒక్క బంతి కూడా లేదు. మేం ఆడే బంతులన్నీ తెల్లవి, ఒకే రకానివి. నాకిచ్చేవి మాత్రం పైతొడుగు చీరుకుపోయిన పాతవి. చూస్తే ఏది ఎవరిదో చెప్పొచ్చు. ఆ రెండు బంతులూ ఆయన జేబులోకి వెళ్ళాయి. ఎక్కడి నుంచి తీశావని మేనేజరు గారు ఆయన్ని అడగలేదు. డాక్టరు గారు కట్టు కట్టి, జీపులో విజయనగరం పంపించారు. ఎడమ కన్ను పోయింది.

మంగళవారం నన్ను ఆఫీసులోకి పిలిచారు. టైపు చేసిన కాగితం ఒకటి బల్ల మీద ఉంది. నా బంతి తగిలి మాలీకి గాయమైందని, తలెత్తి చూడకుండా కొట్టడం నా అజాగ్రత్త అని అందులో ఉంది. కింద అసిస్టెంటు మేనేజరు గారి సంతకం. దాని కింద మావ వేలిముద్ర. నా సంతకానికి చోటు వదిలారు.

సంతకం పెట్టనన్నాను. నా బంతి కాదన్నాను. మేనేజరు గారు మెల్లగా అడిగారు, మరి నీ బంతి ఎటు పోయింది, చూశావా అని. చూడలేదన్నాను. అయితే నీది కాదని ఎలా చెబుతున్నావు అన్నారు. వంతు కాకుండా ఆయన కొట్టిన చప్పుడు విన్నానన్నాను. చప్పుడు వినడం చూడటం కాదన్నారు. తలుపు దగ్గర నిలబడ్డ హెడ్ గుమాస్తా దానికి తల ఊపాడు. నేను బయటికొచ్చాను. మూడు వారాలకు నా ఉద్యోగం ఖాయం చెయ్యడం లేదని చీటీ వచ్చింది. మా నాన్న కళ్ళంలో మళ్ళీ కూర్చున్నాను. ఊళ్ళో ఎవరైనా కుర్చీ గురించి ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాణ్ణి.

మిల్లుకి మూడు ఉత్తరాలు రాశాను. మూడింటిలోనూ నా బంతి కాదని స్పష్టంగా రాశాను. నకళ్ళు ఇప్పటికీ నా పెట్టెలో ఉన్నాయి. జవాబు రాలేదు. అప్పుడు నాకు తోచింది ఒక్కటే. బంతికి ఎదురుగా నిలబడ్డవాడు మావ. అది ఎటునుంచి వచ్చిందో చూసినవాడు అతను. నిజం అతని నోటితో చెప్పిస్తే నాలుగో ఉత్తరంలో అదే రాస్తాను.

అతని ఊరు వెళ్ళాను. అరుగు మీద కూర్చుని గోగునార తాడు పేనుతున్నాడు. పేనడానికి చూపు అక్కర్లేదు. ఎడమ కంటి మీద గుడ్డ ఉంది. తలెత్తకుండానే నా గొంతు గుర్తుపట్టి, రా బావూ అన్నాడు. లోపలినుంచి అతని భార్య వచ్చింది.

"కన్ను పోయినోడికాడికి సాచ్చికానికొచ్చినావేటి?"

అతన్నే అడిగాను. ఆ వేలిముద్ర ఎందుకు వేశావని.

"దొరది అంటే మైదానంలోకి రానీరు. నీది అంటే గడ్డి కోసుకోమన్నారు. ఒంటి కన్నుతో ఇంకెవుడు పనిస్తాడు బావూ? నీకు సదువుంది."

చదువుంది కాబట్టి నా ఉద్యోగం పోయినా ఫరవాలేదని అతను తేల్చేశాడు. అది నాకు ఎంత మంట పుట్టించిందో రాయలేను. అయినా తమాయించుకుని అసలు సంగతి అడిగాను. కాగితం సంగతి వదిలెయ్యి, ఇక్కడ దొరలెవరూ లేరు, ఆ బంతి ఎవరిదో నాకొక్కడికే చెప్పు అన్నాను.

అతని వేళ్ళు తాడు మీద ఆగాయి.

"నాను బంతిని సూడ్లేదు."

"నీ ఎదురుగానే కదా వచ్చింది."

"వచ్చింది గాని, నాను నీ తల సూస్తన్నాను. ఆ దొర పక్కనున్నాడు గదా, నువ్వు బెదిరి తలెత్తేస్తావేమోనని. ఎత్తలేదు నువ్వు. మూడు దాకా ఆగినావు." మళ్ళీ పేనడం మొదలుపెట్టాడు. "అది సూసినాను. ఆ తర్వాతేటి లేదు."

ఆవిడ మజ్జిగ తెచ్చి గుమ్మంలో పెట్టింది. తాగకుండా లేచి వచ్చేశాను.

అతన్ని నేను క్షమించానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆ కాగితం మీద వేలిముద్ర అతనిదే, ఎవరూ అతని చెయ్యి పట్టుకుని వేయించలేదు. అసిస్టెంటు మేనేజరు గారు తర్వాత ఇంకో మిల్లుకి పెద్ద ఉద్యోగంతో వెళ్ళాడని విన్నాను. రెండు బంతుల్లో ఏది ఎక్కడ దొరికిందో తెలిసినవాడు ఆయనొక్కడే, దాన్ని తనతోనే పట్టుకుపోయాడు.

మర్నాడు నాలుగో ఉత్తరం మొదలుపెట్టాను. అయ్యా, అని రాసి, నా బంతి కాదు అని రాయబోయాను. కలం కదల్లేదు. ముందు ఉత్తరాల్లో మూడుసార్లు రాసిన మాటే. ఆ ఉదయం నేను చూసింది ఏమిటో గుర్తు చేసుకున్నాను. బంతి పోయాక గడ్డిపరక పక్కకు వంగింది, దాని కొన మీద మంచు బొట్టు రాలింది, మెల్లగా మళ్ళీ నిలబడింది. మూడు లెక్కలయ్యేదాకా నేను చూసింది అదొక్కటే. దాన్ని ఎవరికి రాయాలి? ఆ కాగితం కూడా నకళ్ళ పక్కనే ఉంది. అయ్యా అన్న మాట తర్వాత అంతా ఖాళీ.